ఆదివారం పూజకు ఏ సంగీతం? లాటిన్ గానం నుంచి కీబోర్డు పాట దాకా

గాయక బృందాన్ని నడిపే ఎవరికైనా శనివారం సాయంత్రం ఒకటే బెంగ: రేపటికి ఏ పాటలు? ప్రవేశానికి ఒకటి, కానుకలకు ఒకటి, దివ్యసత్ప్రసాదం పంచేటప్పుడు రెండు, ఆఖరున ఒకటి. ఐదూ కుదిరితే ఇంటికి వెళ్లిపోవచ్చు. కోస్తాలోని ఒక కథోలిక విచారణలో, అంటే పారిష్‌లో, ఇరవై ఏళ్లుగా హార్మోనియం ముందు కూర్చుంటున్నాను. అందులో సగం కాలం నేనూ అలాగే పాటల పుస్తకం తిరగేస్తూ గడిపాను. ఇప్పుడు ఎవరైనా కొత్తగా బృందం కడుతూ "లాటిన్ నేర్పమంటారా, భజనలు పెట్టమంటారా, కీబోర్డు కొనమంటారా" అని అడిగితే, పూజలో ఏ చోటికి సంగీతం కావాలో ముందు చెప్పమంటాను. ఒక్కో చోటికి ఒక్కోటి నప్పుతుంది. అన్ని చోట్లకూ ఒకే రకం తెచ్చిపెడితే ఎక్కడో ఒకచోట బెడిసికొడుతుంది.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 1967 మార్చి 5న రోము నుంచి వెలువడిన ‘మూజికామ్ సాక్రామ్’ అనే ఆదేశపత్రం పూజలోని గానాన్ని మూడు మెట్లుగా విడదీసింది. మొదటి మెట్టు పూజ చేసే గురువుకూ ప్రజలకూ మధ్య నడిచే మాటామంతీ: పలకరింపు, జవాబు, ప్రార్థనలు, సువిశేషానికి ముందూ వెనుకా చేసే జయధ్వానాలు, ‘పరిశుద్ధుడు’, పరలోక జపం. రెండో మెట్టు దయచూపుమనే ప్రార్థన, మహిమ గీతం, విశ్వాస సంగ్రహం, ‘సర్వేశ్వరుని గొర్రెపిల్ల’. మూడో మెట్టులో ప్రవేశ గీతం, కానుకల గీతం, సత్ప్రసాద గీతం వస్తాయి. మొదటి మెట్టు ఒక్కటే ఉన్నా సరిపోతుందట, అది లేకుండా మిగతా రెండూ ఉండకూడదట.

మన గుళ్లలో జరిగేది దీనికి తలకిందులు. గురువు "ప్రభువు మీతో ఉండునుగాక" అని మామూలుగా చదువుతారు, మనం జవాబు గొణుగుతాం. తర్వాత మైకులు పెంచి మూడో మెట్టు మీద ఐదు పాటలు దంచేస్తాం. పునాది పోయకుండా డాబా మీద పందిరి వేసినట్టు.

ఈ కొలతతో మన చేతిలో ఉన్న రకాలను చూద్దాం.

లాటిన్ గ్రెగోరియన్ గానం

దీనికి పేరిచ్చిన గ్రెగోరీ 590 నుంచి 604 వరకు పోపు. ఇప్పుడు మనం వింటున్న రూపం మాత్రం ఆయన తర్వాత, 8, 9 శతాబ్దాల్లో ఐరోపాలోని ఫ్రాంకుల రాజ్యంలో కుదురుకున్నది. ఒకే గొంతు వరుస, తాళం లేదు, తోడు స్వరాలు లేవు. నాలుగు గీతల మీద చతురస్రపు గుర్తులతో రాస్తారు. ఎనిమిది స్వర పద్ధతులు ఉంటాయి. కర్ణాటక సంగీతం విన్నవారికి ఇక్కడ ఒక చిన్న ఆనందం ఉంది. మొదటి పద్ధతి స్వరాలు మన ఖరహరప్రియవి, మూడోది తోడిది, ఎనిమిదోది హరికాంభోజిది. అంతమాత్రాన రాగం వినిపిస్తుందని ఆశపడవద్దు. గమకం లేని తోడిని ఊహించుకోండి, అది తోడి అనిపించదు.

రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబర్ 4న ఆమోదించిన ఆరాధన పత్రం, తక్కిన పరిస్థితులు సమానంగా ఉంటే ఈ గానానికే అగ్రస్థానం అంటుంది. లాటిన్ అభిమానులు ‘అగ్రస్థానం’ దగ్గర గీత గీస్తారు, తక్కినవారు ‘సమానంగా ఉంటే’ దగ్గర. రెండు మాటలూ అందులో ఉన్నాయి. అదే పత్రం మిషను దేశాల ప్రజల సొంత సంగీతానికీ తగిన గౌరవం ఇవ్వాలంటుంది. కాబట్టి ఎవరినైనా ఈ పత్రంతో కొట్టి గెలవాలని చూడకండి.

నేర్చుకుంటే ఏది నేర్చుకోవాలి? పెద్ద ‘గ్రాదువాలే’ గ్రంథంలోని ప్రవేశ, సత్ప్రసాద గానాల జోలికి మొదటే పోవద్దు. ఒక్క అక్షరం మీద పలు స్వరాలు నడిచే చోట్లు వాటిలో ఉంటాయి, మన శనివారపు సాధనకు అవి లొంగవు. పూజలో మారని భాగాల గానాలుండే ‘కిరియాలే’లో పద్దెనిమిది పూజా వరుసలు ఉన్నాయి. వాటిలో చివరిది, పద్దెనిమిదోది, చాలా తేలిక. దాని ‘సాంక్తుస్’, అంటే ‘పరిశుద్ధుడు’, గురువు అంతకుముందు పాడే కృతజ్ఞతా స్తోత్రం బాణీలోంచే సాగివస్తుంది. గురువు ఆపిన చోట జనం అందుకోవచ్చు, వాద్యం ఇచ్చే ఆరంభం కూడా అక్కరలేదు. ఎనిమిదోది, అంటే ‘దేవదూతల పూజ’, బాగా ప్రసిద్ధం. మన చెవికి శంకరాభరణంలా హాయిగా ఉంటుంది. అయితే దాని మహిమ గీతం పొడవు. 1974లో ఆరవ పాల్ పోపు ‘యూబిలాతే దేయో’ అనే చిన్న పుస్తకాన్ని మేత్రాణులందరికీ, అంటే బిషప్పులకు, పంపారు. ప్రతి కథోలికుడికీ కనీసం ఈ మాత్రం లాటిన్ గానం తెలియాలన్నది ఆయన కోరిక. మొదలుపెట్టడానికి అది చాలు.

మా బృందానికి ‘సాంక్తుస్’, ‘ఆన్యుస్ దేయి’ (‘సర్వేశ్వరుని గొర్రెపిల్ల’) రెండూ రావడానికి నాలుగు శనివారాలు పట్టింది. బాణీ రెండో వారానికే వచ్చేసింది. మిగతా రెండు వారాలూ నోరు తిప్పడానికే. మన మాట అచ్చుతో ముగుస్తుంది, లాటిన్ మాట హల్లు దగ్గర తెగిపోతుంది. ‘సాంక్తుస్’ అని తెలుగు లిపిలో రాసిచ్చినా అందరూ ‘సాంక్తుసు’ అనే పాడారు. ఆఖరున శాంతి నిమ్మని అడిగే ‘పాచెమ్’ కాస్తా ‘పాచెము’ అయింది. ముందు వరుసలోని ఒక అమ్మాయి "బావిలో ఉండే పాచేనా మాస్టారూ" అని అడగడంతో ఆ రోజు సాధన అక్కడితో సరి.

ఇది ఎక్కడ గెలుస్తుందంటే, జనం భాషలు వేరువేరుగా ఉన్నచోట. హైదరాబాదు, సికింద్రాబాదుల్లో ఒకే గుడిలో తెలుగువారు, తమిళులు, మలయాళీలు, గోవావారు కూడుతారు. పండుగ పూజ అందరిదీ ఒకటే అయినప్పుడు పాట ఏ భాషలో అన్న పేచీ తప్పదు. ‘సాంక్తుస్’ ఎవరి భాషా కాదు కాబట్టి అందరిదీ అవుతుంది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలోనూ ఇది బాగా కుదురుతుంది, ఎందుకో వాద్యాల దగ్గర చెబుతాను. అర్థం తెలిసి జవాబు ఇవ్వాల్సిన చోట మాత్రం ఇది నప్పదు. మొదటి పఠనం తెలుగులో విని, దానికి స్పందనగా వచ్చే భక్తి కీర్తనను తెలియని భాషలో పాడటం నాకు మింగుడుపడదు.

తెలుగులోనే స్వరంతో చదవడం

అందరూ దాటిపోయేది, నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఇదే. పాటగా కట్టరు, ఒక స్వరం మీద వాక్యాన్ని నడిపించి, సగంలో ఒక చిన్న మలుపు, చివర ఒక దింపు ఇస్తారు. ఒక్క బాణీ నేర్చుకుంటే బైబిలులోని నూట యాభై కీర్తనలనూ పాడవచ్చు. ప్రతి ఆదివారం మారే భక్తి కీర్తనకు వారం వారం కొత్త పాట ఎక్కడ తెస్తారు? అందుకే చాలాచోట్ల దాన్ని చదివేస్తారు, లేదా ఆ చోట తెలిసిన పాట ఏదో పాడేస్తారు. రెండోది ఒప్పు కాదు. పూజా గ్రంథపు సాధారణ నియమాలు అక్కడ కీర్తనకు బదులు వేరే పాట పెట్టవద్దని తేల్చి చెబుతాయి.

దగ్గరగా ఒక పాదం చూద్దాం. "ప్రభువు నాకు కాపరి, నాకు ఏ కొదవా లేదు." ‘ప్రభువు నాకు’ అంతా పంచమం మీద, మామూలుగా మాట్లాడే వేగంతో. ‘కాపరి’లో ‘కా’ మీద ధైవతానికి ఎక్కి, ‘పరి’ మీద మళ్లీ పంచమానికి దిగండి. రెండో సగమూ పంచమం మీదే, ‘లేదు’లో ‘లే’ మీద మధ్యమం పట్టి కాస్త నిలబడి, ‘దు’ మీద గాంధారంలో వాలిపోండి. పిల్లలకు పది నిమిషాల పని.

ఇందులో కిటుకు దీర్ఘం దగ్గర ఉంది. లాటిన్ బాణీలు మాటలోని ఊనికను చూసుకుని నడుస్తాయి. తెలుగులో మలుపు దీర్ఘాక్షరం మీద పడాలి, లఘువు, అంటే పొట్టి అక్షరం, మీద పడిందా మాటే మారిపోతుంది. పై పాదంలోనే ‘ప’ మీద ఆగి చూడండి, కాపరి ‘కాపారి’ అవుతాడు. ‘బలి’ మొదటి అక్షరం సాగితే ‘బాలి’. ఐరోపా నుంచి వచ్చిన గురువులు, 1846లో విశాఖపట్నానికి, 1855లో హైదరాబాదుకు చేరినవారి వారసులు, తమ దేశపు బాణీలకు తెలుగు మాటలు తొడిగించిన పాటలు కొన్ని మనకు ఉన్నాయి. వాటిలో భక్తికి లోటు లేదు. కానీ పాడేటప్పుడు ఎక్కడో పంటి కింద రాయి తగిలినట్టుంటే, సాధారణంగా ఒక లఘువును లాగిన చోటే అది. సొంతంగా బాణీ కట్టేవారు ముందు పాదాన్ని పైకి చదివి, దీర్ఘాల కింద పెన్సిలుతో గీతలు పెట్టుకోండి. మలుపులు ఆ గీతల మీద పెట్టండి. అంతకు మించిన శాస్త్రం ఏమీ అక్కరలేదు.

లోపం లేదా అంటే ఉంది. పాడేవారికి మాట స్పష్టంగా లేకపోతే ఇది చప్పగా, అప్పు లెక్క చదివినట్టు ఉంటుంది. వాద్యపు సందడి వెనుక దాక్కోవడానికి వీలుండదు. మీ ఊళ్లో ఎవరైనా హరికథో బుర్రకథో చెప్పిన కుటుంబంవారు ఉంటే వారిని అడగండి. వచనాన్ని స్వరం మీద నడపడం వారికి పుట్టుకతో వస్తుంది.

కీర్తన, భజన

బెంగళూరులో 1967లో ఏర్పడిన జాతీయ ఆరాధన, ధర్మోపదేశ కేంద్రం, దాన్ని స్థాపించిన అమలోర్‌పవదాస్ గురువుల పేర్లు ఈ చర్చలో తప్పక వస్తాయి. 1969 ఏప్రిల్ 25న రోము భారతీయ పద్ధతులకు సంబంధించి పన్నెండు అంశాలను ఆమోదించింది. నమస్కారం, దీపం, హారతి పూజలోకి ఆ దారినే వచ్చాయి. వాటితోపాటే భజనకూ గుళ్లో చోటు పెరిగింది. "ఇది హిందువుల గుడిలో భజనలా ఉంది" అని ముఖం చిట్లించేవారు ఇప్పటికీ ఉన్నారు. నిజమే, భజనలాగే ఉంది. తంబురా, తాళాలు ఏ మతానివో అడిగి పాడటం మొదలుపెడితే మనం నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

భజన బలం సత్ప్రసాదం వేళ తెలుస్తుంది. జనం వరుసలో నడుస్తుంటారు, చేతులు జోడించి ఉంటాయి. పుస్తకం పట్టుకోలేరు, గోడ మీది తెర వైపు తల తిప్పలేరు. ఒకరు పాదం అంటే అందరూ తిరిగి అనే పద్ధతికి పుస్తకం అక్కరలేదు, చదువు కూడా అక్కరలేదు. కర్ర పట్టుకుని నడిచే ముసలమ్మ కూడా పాడుతూనే ముందుకు వస్తుంది. రాగం ఎంచుకునేటప్పుడు ఐదు స్వరాల రాగాలు చూడండి. మోహనలో జనం గుంపుగా తప్పు పాడటం కష్టం.

ఇక జాగ్రత్త. భజనకు వేగం పెంచుకుంటూ పోయే అలవాటు ఉంది. తబలా వాయించేవాడు కుర్రవాడైతే మరీను. ధ్యానంగా మొదలైనది మూడు నిమిషాల్లో ఉత్సవం అవుతుంది. కానుకల వేళ ఇంకో చిక్కు: అక్కడ సమయం తక్కువ. ప్రతి పాదమూ రెండేసి సార్లు తిరుగుతుంటే గురువు పీఠం దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. అక్కడ పల్లవి, ఒక చరణం ఉన్న చిన్న కీర్తన చాలు. పల్లవి అందరిదీ, చరణం బృందానిది.

కీబోర్డు పాట

యువతను గుడికి తెచ్చేది ఇదే అంటారు. తెస్తుంది కూడా. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు వెళ్లినవారెవరికైనా పెద్ద జనసందోహంలో, ఊరేగింపులో ఈ పాటల ఊపు ఎలా పనికొస్తుందో తెలుసు. నా ఫిర్యాదు పాట మీద కాదు, దాని మధ్యలో దూరే వాద్యం మీద. చరణానికీ చరణానికీ నడుమ అర నిమిషం కీబోర్డు ఒక్కటే మోగుతుంటే, మూడు వందల మంది నోరు తెరిచి మళ్లీ మూసి, ఎక్కడ అందుకోవాలో తెలియక బృందం వైపు చూస్తుంటారు. రెండో చరణానికి సగం మంది మానేస్తారు. మధ్య వాద్యం కోసేయండి. పాటకేమీ కాదు.

బాణీని మాటలు లేకుండా ఒకసారి కూనిరాగంగా పాడి చూడండి. మీ మనసులో ఏ దృశ్యం మెదిలితే, గుడిలో అందరికీ అదే మెదులుతుంది. ఒక పండుగకు పక్క ఊరి నుంచి కీబోర్డు వాయించే కుర్రాణ్ణి పిలిపించాం. కానుకల పాట నడుమ అతను వేళ్లు ఆడించగానే వెనక బెంచీల్లో పిల్లలకు నవ్వు ఆగలేదు. ఆ నెలలో ఊరంతా మోగుతున్న సినిమా పాట పల్లవి అది. కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు, ముందు రోజు సాధనకు పిలవకపోవడం మా తప్పు.

ఈ రకంలో మాటలను ఇంకా గట్టిగా చూడాలి. మహిమ గీతం, ‘సర్వేశ్వరుని గొర్రెపిల్ల’ పూజా గ్రంథంలో ఉన్న మాటలతోనే పాడాలి, ‘మహిమ’ అన్న మాట ఉంది కదా అని ఏ స్తుతి పాటో పెట్టేయకూడదు. ఇతర సంఘాల పాటలు మనం చాలా పాడుతుంటాం, మంచివి ఉన్నాయి కూడా. అయితే 2008 జూన్ 29న రోము పంపిన లేఖ ప్రకారం, హెబ్రీ నాలుగక్షరాల దేవుని నామాన్ని పూజలో పలకకూడదు, పాడకూడదు. అంటే ‘యెహోవా’, ‘యావే’ ఉన్న పాటలు పూజకు పనికిరావు. వాటిని ప్రార్థన కూటాలకు ఉంచుకుని, పూజకు ‘ప్రభువు’ ఉన్నవి ఎంచుకోండి.

నాలుగు గొంతులతో పాడే ఐరోపా బృందగానం గురించి ఒక్క మాట. ప్రతి గొంతుకూ కనీసం ముగ్గురు నికరంగా నిలబడేవారు ఉంటే ప్రయత్నించండి. లేకపోతే క్రిస్మస్ కార్యక్రమానికి వదిలేయండి.

వాద్యం కొనేముందు

దాత దొరికాడు కదా అని మొదట కీబోర్డు కొంటారు. పదవ పియూస్ పోపు 1903 నవంబర్ 22న ఇచ్చిన ఆదేశంలో పియానో, డోళ్లు, తాళాలు గుడిలో నిషిద్ధం. 1967 పత్రం మెత్తబడింది. లౌకిక సంగీతానికే పరిమితమని జనం భావించే వాద్యాలు వద్దంటూనే, ప్రజల సంస్కృతిని చూసి నిర్ణయించమంది. ఆ లెక్కన తబలా, ఢోలకు మనకు దైవసన్నిధిలో వినిపించేవే, పేచీ లేదు. డిజిటల్ ప్యాడ్ల మీద మోగే డ్రమ్ముల సంగతి మీరే ఆలోచించండి.

నా ఓటు హార్మోనియానికి. గమకం పలకదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. జనం గమకాలు పాడరు కాబట్టి గుడిలో ఆ లోపం లెక్కకు రాదు. కరెంటు పోయినా మోగుతుంది, జనం గొంతును మించి అరవదు. ఏది కొన్నా శ్రుతి జనానిది చూసుకోండి. మా పాత గాయకుడు తన గొంతుకు హాయిగా ఉందని రెండున్నరలో ఎత్తుకునేవాడు. పై షడ్జం దగ్గరకు వచ్చేసరికి మగవాళ్లంతా మౌనం. ఒకటికి దించగానే గుడి నిండింది.

తపస్సు కాలంలో వాద్యం పాటకు ఆసరాగా మాత్రమే ఉండాలి, విడిగా మోగకూడదు. నాలుగో ఆదివారానికీ, పెద్ద పండుగలకూ మినహాయింపు ఉంది. లాటిన్ గానమూ తెలుగు స్వరపఠనమూ అప్పుడు అక్కరకొస్తాయి, వాటికి వాద్యంతో పనే లేదు. ఫోనులోంచి ట్రాకు పెట్టి పాడటం గురించి ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. యంత్రంలో పట్టిన సంగీతాన్ని ఆరాధనలో వాడవద్దని 1958 సెప్టెంబర్ 3 నాటి ఆదేశంలోనే ఉంది. ఆ కాలంలో అది గ్రామఫోను, ఇప్పుడు బ్లూటూత్ స్పీకరు. ట్రాకు జనం కోసం ఆగదు. గురువు ధూపం వేయడం ఆలస్యమైతే అది ఎదురుచూడదు.

ఎవరికి ఏది

నెలకొకసారి గురువు వచ్చే, మిగతా వారాల్లో ఉపదేశి నడిపించే పల్లె గుడికి: తెలుగు స్వరపఠనం, నాలుగైదు భజనలు, ఒక ఢోలకు. ఇంకేమీ కొనకండి. ఆదివారం రెండు మూడు పూజలు జరిగే పట్నపు విచారణకు: జవాబులు, ‘పరిశుద్ధుడు’, భక్తి కీర్తన అన్ని పూజల్లోనూ ఒకే బాణీలో. ప్రవేశానికీ ముగింపుకూ యువత పాటలు పాడనివ్వండి, సత్ప్రసాదానికి మాత్రం భజన. భాషలు కలిసే నగరపు గుడికీ, నెలకొకసారి తెలుగు పూజ చేసుకునే విదేశపు కుటుంబాలకూ లాటిన్ ‘సాంక్తుస్’, ‘ఆన్యుస్ దేయి’ నేర్చుకోవడం దండగ కాదు. పక్కవారి పూజకు వెళ్లినప్పుడూ పనికొస్తాయి. పెళ్లిళ్లకు వధూవరులు అడిగే సినిమా పాటను విందుకు మళ్లించండి. భూస్థాపన పూజకు వాద్యమే వద్దు.

ఏది ఎంచుకున్నా మొదటి పని గురువుతోనే. పూజకు పది నిమిషాల ముందు వెళ్లి, "ప్రభువు మీతో ఉండునుగాక" అనేది ఈ రోజు పాడతారా అని అడగండి. "నాకు పాడటం రాదు" అంటారు, నేను అడిగిన ప్రతి గురువూ ముందు అదే అన్నారు. రెండు మూడు స్వరాలేనని చెప్పి, హార్మోనియం మీద ఒకసారి నొక్కి వినిపించండి.